జత వచ్చిందా?

పోయిన ఆదివారం పొద్దున హిందూపురం బస్టాండు పక్క సందులో, మా బండి దగ్గర నిలబడి పేర్ల కాగితం చూసుకుంటున్నాను. వెనకనున్న వేరే బండి రేకు మీద ఎవరో అరచేత్తో రెండు దెబ్బలు కొట్టారు. అంతే, నా కుడికాలు దానంతట అదే లేచి మెట్టు మీద పడింది, చెయ్యి కమ్మీ పట్టుకుంది. ఆ బండితో నాకే సంబంధమూ లేదు. మా బండిలో ఇంకా సగం మంది ఎక్కనే లేదు. మా డ్రైవరు చూసి నవ్వాడు. నవ్వితే నవ్వనీ. ఎనిమిదేళ్లుగా ఆ చప్పుడు వింటే నా ఒళ్లు అలాగే కదులుతుంది. ఇప్పటి బండ్లలో లోపల చల్లగాలి, కిటికీలన్నీ అద్దాలే, బయట ఎవరు ఏం కొట్టినా డ్రైవరుకు సరిగా వినపడదు. అయినా మా బండి కదలాలంటే రేకు మీద రెండు దెబ్బలు పడాల్సిందే. ఆ దెబ్బలు పడాలంటే అంతకుముందు ఒక ప్రశ్న అడగాల్సిందే. ఈ రెండూ నాకు నేర్పిన మనిషి పేరు గంగులప్ప. ఆయన్ను మీరు చూసి ఉండరు. ఒకవేళ ఎప్పుడైనా ఈ వైపు బస్సెక్కి ఆయన చేతుల మీదుగా టిక్కెట్టు తీసుకున్నా, కండక్టరు ముఖం గుర్తుపెట్టుకునేవాళ్లు తక్కువ. అందుకే నేను రాస్తున్నాను.

గంగులప్ప సారు ముప్పై ఏళ్లు కండక్టరుగా పనిచేశారు. గోరంట్ల, కొత్తచెరువు, తలుపుల, ధర్మవరం, ఈ చుట్టుపక్కల ఆయన టిక్కెట్టు చింపని దారి లేదు. రిటైరయ్యాక ఇంట్లో కాలు నిలవక, ఈ సందులోనే ఒక చిన్న గది తీసుకుని సెలవు రోజుల్లో గుంపులను తిప్పే పని మొదలుపెట్టారు. పొద్దున హిందూపురంలో ఎక్కితే లేపాక్షి గుడి, పెనుకొండ కోట, ధర్మవరం పట్టుచీరల బజారు చూసుకుని మళ్లీ ఇల్లు చేరాలి. నేను డిగ్రీ ముగించి, ఇంట్లో ఊరికే కూర్చుని అమ్మ చేత మాటలు పడుతున్న రోజులవి. ఫోన్లు ఎత్తడానికి ఒక అమ్మాయి కావాలంటే వెళ్లి చేరాను. ఫోన్లు ఎత్తడానికే నేను పుట్టలేదని నాకు గట్టి నమ్మకం. అందుకని రెండో రోజే, ఎవరూ అడక్కుండానే, ట్రిప్పు మొత్తానికి టైంటేబుల్ తయారుచేసి, రంగులు వేసి, ప్రింటు తీసి ఆయన బల్ల మీద పెట్టాను. ఆయన కళ్లజోడు తుడుచుకుని చాలాసేపు చూశారు.

"పెనుకొండలో బండి దిగిన కాడి నుంచి గగన్ మహల్‌కు నాలుగు నిమిషాలని రాసినావే. నువ్వు ఆ దావన నడిచినావా పాపా?"

"ఫోన్లో మ్యాపు చూసినా సార్. కరెక్టుగా చూపిస్తాది."

"ఫోనుకు మోకాళ్లు ఉండాయా?"

నేను నవ్వబోయి, ఆయన నవ్వడం లేదని చూసి ఊరుకున్నాను. "గురువారం పొద్దున్నే రా. మా ఇంటామె కూడా వస్తాది," అన్నారు.

ఆయన ఇంటామెను వీధి వీధంతా లచ్చుమక్క అంటారు. పొట్టి మనిషి, బరువు మనిషి, రెండు మోకాళ్లూ అరిగిపోయిన మనిషి. గురువారం నాడు ముగ్గురం మామూలు బస్సెక్కి పెనుకొండలో దిగాం. సారు జేబులోంచి పొడుగాటి పాత టిక్కెట్ల పుస్తకంలాంటి నోటుబుక్కు తీసి, గడియారం చూసి, భార్యతో "ఇంక నడు" అన్నారు. ఆమె చేతికర్ర ఊనుకుంటూ బయల్దేరింది. ఆమె ముందు, మేమిద్దరం వెనక. నాలుగడుగులు వేస్తే ఆగేది. ఒక గోడ కనిపిస్తే కూర్చునేది. కూర్చున్న ప్రతిచోటా సారు ఏదో రాసుకునేవారు. నేను తొంగి చూశాను. 'పాత గోడ, పన్నెండింటి దాకా నీడ. బోరింగు ఉంది, నీళ్లు బాగున్నాయి.' మహల్ చేరేసరికి పదకొండు నిమిషాలు పట్టింది. లోపలి ఇరుకు మెట్ల దగ్గర ఆమె పైకి చూసి, నాతో అంది:

"ఈయప్ప చేతికి గడియారం ఉండాది. అయినా నా మోకాళ్లనే గడియారం చేసుకున్నాడు. ఏ జన్మలో ఏం పాపం చేసుకున్నానో మ్మే."

"మెట్లు ఎక్కద్దులే," అన్నారు సారు. "ఈడ కూర్చో. ఎక్కలేనోళ్లు కింద యాడ కూర్చుంటే పొద్దుపోతాదో అది కూడా నేను రాసుకోవల్ల."

ఇదీ ఆయన పద్ధతి. ప్రతి ట్రిప్పుకూ ముందు గురువారం, ఆ దారంతా లచ్చుమక్కను నడిపించి, ఆమెకు పట్టిన టైమునే కాగితం మీద రాసేవారు. ఆమె ఎక్కడ ఆగితే గుంపు అక్కడ ఆగాలి. ఆడవాళ్లకు మరుగు ఎక్కడుందో, అక్కడ తలుపుకు గడియ ఉందో లేదో, అదీ ఆమె చూసి చెప్పాల్సిందే. మగవాడికి ఆ సంగతి ఎవరూ చెప్పరని ఆయనకు ముప్పై ఏళ్ల కండక్టరు పనిలో తెలిసింది. చాలామంది ఆడవాళ్లు ప్రయాణం రోజున పొద్దున్నుంచీ నీళ్లు తాగరని, అందుకే మధ్యాహ్నానికి కళ్లు తిరిగి పడతారని ఆయన అంటే, ఆడపిల్లనైన నాకే అది కొత్తగా వినిపించింది. నిజానికి నేనూ అలా తాగకుండానే ప్రయాణాలు చేసేదాన్ని. ఎందుకని నన్ను నేను ఎప్పుడూ అడగలేదు.

ఊళ్ల వరస కూడా ఆయన లెక్క ప్రకారమే. గుడి పొద్దున, కోట అన్నానికి ముందు, బజారు ఆఖరికి. ఒకసారి నేను వాదించాను. ధర్మవరంలో పొద్దున దుకాణాలు ఖాళీగా ఉంటాయి, తీరిగ్గా చూసుకోవచ్చు, అక్కడి నుంచి వెనక్కి వద్దాం అని. సారు కాదనలేదు. "సరే, చూద్దాం పా," అన్నారు. చూశాం. నలభై మందిలో పాతికమందికి పైగా చీరలు కొన్నారు. ఆ తర్వాత పెనుకొండలో బండి ఆగితే దిగిన వాళ్లు ఏడుగురు. తక్కినవాళ్లు ఒళ్లో చీరల సంచులు పెట్టుకుని, వాటికి కాపలాగా కూర్చుని, కోటను కిటికీలోంచి చూశారు. మర్నాడు పాత టైంటేబుల్ మళ్లీ గోడకెక్కింది. నేనే అంటించాను.

ఇక ఆ ప్రశ్న సంగతి. బండి బయల్దేరే ముందు ఆయన తలలు లెక్కపెట్టేవారు కాదు. పొద్దున్నే అందరినీ జతలు జతలుగా కూర్చోబెట్టేవారు. ఎవరి జత వచ్చిందో లేదో చూసుకునే పూచీ వాళ్లది. మొగుణ్నీ పెళ్లాన్నీ ఒక జత చేసేవారు కాదు. వాళ్లయితే ఇద్దరూ కలిసే తప్పిపోతారని ఆయన అనుభవం. ప్రతిచోటా బండెక్కాక వెనక సీటు నుంచి మొదలుపెట్టి, ఒక్కొక్కరి ముఖంలోకీ చూస్తూ "జత వచ్చిందా?" అని అడుగుతూ ముందుకొచ్చేవారు. వచ్చిందని ఇద్దరూ నోటితో చెప్పాలి, తలాడిస్తే కుదరదు. ఆఖరికి తలుపు పక్కనున్న మొదటి సీటు. అక్కడ లచ్చుమక్క కూర్చునేది. ఆమె జత మాత్రం ఆయనే. మొగుడూ పెళ్లాం ఒక జత ఎలా అయ్యారని అడిగితే, "ఈమె తప్పిపోయేంత దూరం నడిస్తే కదా," అనేవారు. ఆమెను కూడా అందరినీ అడిగినట్టే అడిగేవారు, ఆమె కూడా ప్రతిసారీ ఒకే జవాబు చెప్పేది: "యాడికి పోతా. కొట్టు." అప్పుడు ఆయన తలుపులోంచి చెయ్యి చాచి రేకు మీద రెండు దెబ్బలు కొట్టేవారు.

నాకు అదంతా చిన్నపిల్లల ఆటలా అనిపించేది. ఒక ఆదివారం లేపాక్షిలో, సారు గుడి గుమ్మం దగ్గర ఎవరో ముసలామెకు చెప్పులు వెతికిపెడుతూ, నన్ను బండిలో చూసుకోమన్నారు. నేను జతలూ గితలూ లేకుండా గబగబా తలలు లెక్కపెట్టాను. నలభై రెండు. కాగితంలోనూ నలభై రెండు. సారు వచ్చి ముందు సీట్లో కూర్చుంటూ "అయిందా?" అన్నారు. అయిందన్నాను. బండి కదిలింది. పెనుకొండ దారిలో సగం దూరం పోయాక, వెనక సీట్లో కొంగు కప్పుకుని నిద్రపోతున్న ఒక అవ్వ లేచి, చుట్టూ చూసి, "ఏమప్పా, గోరంట్ల దాటిపోయినామా?" అంది. ఆమె మా మనిషి కాదు. ఇంకో బండిలో వచ్చి, ఎండకు తాళలేక, తలుపు తీసి ఉన్న మా బండెక్కి పడుకుంది. మరి మా నలభై రెండో మనిషి ఎక్కడ? తలుపుల ఊరి నుంచి వచ్చిన ఒక రిటైర్డు టీచరు, ఒంటరిగా వచ్చినాయన, లేపాక్షి నంది పక్కన నిలబడి ఉన్నాడు. నేను అడగలేదు, ఆయన జత చెప్పలేదు.

వెనక్కి వెళ్లాం. అవ్వ వాళ్లవాళ్లు ఆమె కోసం గుడంతా వెతికి గగ్గోలుగా ఉన్నారు. ఆమెను వాళ్లకు అప్పజెప్పాం. మాస్టారు బండెక్కి తన సీట్లో కూర్చుని, అరవలేదు, తిట్టలేదు. "నేను లేనని ఎవరికీ తెలీలేదు కదా," అని మాత్రం అన్నాడు. ఆయన భార్య పోయి అప్పటికి ఏడాది కూడా కాలేదని తర్వాత తెలిసింది. నాకు ఆ బండి నేల చీలి నన్ను మింగేస్తే బాగుండుననిపించింది. ఆ రోజంతా సారే మాస్టారికి జతగా నడిచారు. లచ్చుమక్క నాతో నడిచింది. సాయంత్రం ఆఫీసు తాళం వేస్తూ అన్నారు:

"అంకె సరిపోయింది పాపా. మనిషే మారిపోయినాడు. అంకెకు మొగం ఉండదు."

ఆ తర్వాత నేను ఎన్నడూ తలలు లెక్కపెట్టలేదు.

రెండేళ్లు అలా ఆయన వెనక తిరిగాను. అప్పుడొచ్చింది అమ్మ ట్రిప్పు. మా అమ్మ రత్నమ్మ హిందూపురం దగ్గరున్న ఒక బట్టల ఫ్యాక్టరీలో చొక్కాలకు కాలర్లు కుడుతుంది. పన్నెండేళ్లలో లెక్కలేనన్ని కాలర్లు కుట్టింది గానీ ఒక్క పూర్తి చొక్కా కుట్టింది లేదు. ఒకరు కాలరు, ఒకరు చెయ్యి, ఒకరు గుండీ. అక్కడ పని అలాగే ఉంటుంది. ఒక రోజు భోజనాల దగ్గర ఎవరో ధర్మవరం చీర కట్టుకొచ్చిన మాట వస్తే, దారం నుంచి చీర దాకా మొత్తం ఒకే ఇంట్లో ఒకే చేతుల మీద తయారవుతుందని అమ్మ చెప్పిందట. ఎవరూ నమ్మలేదు. "నా కూతురు తీసుకపోయి కండ్లారా చూపిస్తాది, మగ్గం ఆడేది మీ చెవులతో వినండి," అని అమ్మ మాట ఇచ్చేసింది. ముప్పై ఆరు మంది పేర్లిచ్చారు. ఆదివారాలు కూడా ఓవర్‌టైములుండే ఆడవాళ్లు. అందరూ కలిసి సూపర్‌వైజరును బతిమాలుకుని ఒక్కటంటే ఒక్క ఆదివారం దొరకబుచ్చుకున్నారు. అది తప్పితే మళ్లీ ఎప్పుడో. చాలామంది పెళ్లయ్యాక ఊరు దాటి చూడటానికని ఎక్కడికీ పోనివాళ్లు. మా అమ్మా అంతే. పొరపాటు జరిగితే రేపు అదే వరసలో వాళ్ల మధ్యే కూర్చుని అమ్మ కాలర్లు కుట్టాలి. అది తలుచుకుంటే నాకు అన్నం సహించేది కాదు.

సారు ఒకటే మాటన్నారు. "ఈ ట్రిప్పు నీది. నేను టిక్కెట్టు కొన్న మనిషిని అనుకో."

గురువారం లచ్చుమక్కను వెంటబెట్టుకుని నేనే దారంతా నడిచాను. ధర్మవరం నేతగాళ్ల వీధిలో ఏ ఇంటి ముందు నిలబడినా లోపల మగ్గం టకటకలాడుతోంది. వీధి చివర చీరల దుకాణమాయన్ని అడిగాను. ఆదివారం తీసే ఉంటామన్నాడు. శనివారం ఫోన్ చేసి మళ్లీ అడిగాను. "తీసే ఉంటాం రాండమ్మా," అన్నాడు. ఆ ఆదివారం అమావాస్య. గుళ్లకు పోవడానికి మంచిదని అమ్మ వాళ్లు ఇంకా సంతోషించారు. నేనూ క్యాలెండరులో రాహుకాలం దాకా చూసి సరేననుకున్నాను.

పొద్దున లేపాక్షి, ఆ తర్వాత పెనుకొండ, అన్నీ లచ్చుమక్క మోకాళ్ల లెక్క ప్రకారం నిమిషం తప్పకుండా జరిగిపోయాయి. గగన్ మహల్ పైకెక్కి అమ్మ కొంగు ఎగరకుండా పట్టుకుని ఊరంతా చూసింది. రాజులు ఎండాకాలం ఇక్కడుండేవాళ్లని చెబితే, "అందుకే ఇంత గాలి పెట్టించుకున్యారు. మా ఫ్యాక్టరీలో ఒక్క కిటికీ పెట్టిండకూడదా," అని ఒకామె అంటే అందరూ నవ్వారు. కోట నీడలో చిత్రాన్నం పొట్లాలు తిన్నాం. నాకు కొంచెం గర్వం కూడా పట్టుకుంది. ధర్మవరంలో బండి దిగి ఆ వీధిలోకి నాలుగడుగులు వేశాక నాకు ఏదో తేడాగా అనిపించింది. వీధిలో చప్పుడు లేదు. ఒక్క ఇంట్లో కూడా లేదు. గడపలకు పసుపు, మగ్గాలకు పూలు. అమావాస్యకు నేతగాళ్లు మగ్గంలోకి దిగరు. మా ఇళ్లలో కుట్టు మిషన్లు ఏ అమావాస్యకూ ఆగవు, ఫ్యాక్టరీలో అసలే ఆగవు. అందుకని మా ముప్పై ఆరు మందిలో ఒక్కరికీ ఆ సంగతి తట్టలేదు. నేను దుకాణం తెరుస్తారా అని రెండుసార్లు అడిగాను. మగ్గం ఆడుతుందా అని ఒక్కసారి కూడా అడగలేదు.

"మగ్గం ఆడేది చెవులతో వినమంటివే రత్నా," అంది వెనక నుంచి ఒకామె. అమ్మ తల దించుకుంది. నాకు మొదట తోచింది అబద్ధం. కరెంటు లేదని చెబుదామా, అందరినీ గబగబా దుకాణంలోకి తోసేద్దామా అనుకున్నాను. వెనక నిదానంగా వస్తున్న సారు దగ్గరకు పరిగెత్తాను. సంగతి చెప్పేసరికి ఆయన ఒక్క క్షణం ఆగి, చెవి పెట్టి విని, తల ఊపారు.

"నాకూ తోచలేదు పాపా. ముప్పై ఏండ్లు ధర్మవరం బస్టాండు చూసినా, ఈ వీధి లోపలికి ఎప్పుడు వచ్చినా?"

"ఇప్పుడేం చేయాల సార్?"

"తప్పు జరిగింది ఈడే కదా, ఈడే చెప్పేయి. చెప్పకుంటే అది కూడా బండెక్కి మనతో హిందూపురానికి వస్తాది."

నేను వీధి మధ్యలో నిలబడి చెప్పాను. అమావాస్య నాడు మగ్గం వేయరని, ఆ సంగతి కనుక్కోవడం నా పని అని, కనుక్కోలేదని, తప్పు అమ్మది కాదు నాదని. ముప్పై ఆరు మంది ఎండలో నన్నే చూస్తున్నారు. తిట్టినా బాగుండేదనిపించింది.

అంతలో లచ్చుమక్క నడవలేక, దగ్గరున్న ఇంటి అరుగు మీద కూలబడింది. కూలబడి, తలుపులోకి చూస్తూ, "ఎవరుమ్మా లోపల, రోంత నీళ్లిస్తావా తల్లీ," అని పిలిచింది. నాకంటే పదేళ్లు పెద్దదైన ఒకామె చెంబుతో వచ్చింది. ఓబులమ్మ ఆమె పేరు. నీళ్లిస్తూ ఇంతమంది ఆడవాళ్లను చూసి ఏ ఊరు, ఏమి పని అని అడిగింది. బట్టల ఫ్యాక్టరీ అని లచ్చుమక్క చెప్పింది.

"ఈ పొద్దు మగ్గంలో కాలు పెట్టమక్కా. ఒక్క పోగు కూడా ఎయ్యను, ఏమనుకోవద్దు," అంది ఓబులమ్మ. "చూస్తామంటే రాండి, దాన్దేముండాది. ఇండ్లు ఇరుకు, ఐదారుమంది చొప్పున రాండి."

అలా ఐదారుగురు చొప్పున ఆ ఇంట్లోకి వెళ్లాం. నేలలో గుంట, గుంట పైన మగ్గం, మగ్గం మీద సగం నేసిన వంగపండు రంగు చీర, దాని మీద నాలుగు మల్లెపూలు. అమ్మ వాళ్లు చూసిన తీరు నేను ఎన్నటికీ మరచిపోలేను. టూరు వచ్చినవాళ్లు చూసినట్టు కాదు, పనివాళ్లు పనిని చూసినట్టు వంగి చూశారు. ఒకామె అంచు దగ్గర వేలు పెట్టకుండా, వేలు చూపించి, "ఈడ ఒక పోగు తెగి అతికినట్టుండాదే," అంది. ఓబులమ్మ ముఖం వెలిగిపోయింది. ఇంతవరకూ ఆమె అతికిన పోగును ఏ చీరలోనూ ఏ దుకాణమాయనా పట్టుకోలేదట. అక్కడి నుంచి ఇక మాటలకు అడ్డులేదు. నడుము ఎక్కడ నొప్పి, కళ్లు ఏ పూట మసకబారుతాయి, సూది వేలిలో దిగితే ఏం చేస్తారు, పసిపిల్లను ఏ కాలి మీద పడుకోబెట్టుకుని పనిచేస్తారు. మగ్గం ఆడుతూ ఉంటే ఆ చప్పుడులో ఈ మాటల్లో ఒక్కటీ వినపడేది కాదు, ఆమె తలెత్తేదీ కాదు. వీధిలో పక్కిళ్ల ఆడవాళ్లు కూడా వచ్చి చేరారు. మూడిళ్ల తలుపులు తెరుచుకున్నాయి.

"ఇంత కష్టపడి నేస్తావు. కట్టుకున్నామె ఎట్లుంటాదో చూసినావా ఎప్పుడన్నా?" అని అమ్మ అడిగింది.

"యాడ చూస్తామక్కా. మడిచి ఇచ్చేదే గానీ కట్టుకునేటోళ్ల మొగం ఎప్పుడూ చూడలేదు," అంది ఓబులమ్మ.

"మేమూ అంతే," అంది అమ్మ.

ఓబులమ్మ భుజం మీద చెయ్యి వేసింది. నేను గుమ్మం దగ్గర నిలబడి ఏడ్చాను. సిగ్గుపడలేదు. దుకాణానికి పోవాల్సిన టైము దాటిపోయింది, ఎవరూ అడగలేదు. బండి దాకా ఆ వీధి ఆడవాళ్లు మాతో నడిచి వచ్చారు. మగ్గం ఆడేది వినమన్నావని నిష్టూరమాడిన ఆమే బండెక్కుతూ, "నీ కూతురు మనుషుల్ని చూపించింది రత్నా," అని అమ్మతో అంది. అమ్మ నా వైపు చూసి తల ఎత్తుకుని నడిచింది. మా అమ్మను అంత నిటారుగా నేను అంతకుముందు చూడలేదు.

నేను వెనక సీటు నుంచి మొదలుపెట్టాను. జత వచ్చిందా, జత వచ్చిందా అని అడుగుతూ ముందుకొచ్చి, తలుపు దగ్గర ఆగి, రేకు కొట్టమని సారు వైపు చూశాను. ఆయన కావాలనే కిటికీ వైపు తిరిగిపోయారు. నేనే కొట్టాను. పెనుకొండ దాటుతుండగా చూస్తే సారు తల వెనక్కి వాల్చి నిద్రపోతున్నారు. లచ్చుమక్క నా చెయ్యి గిల్లి చూపించింది. "ముప్పై ఏండ్లలో కదిలే బండిలో ఈయప్ప కన్ను మూసిందే లేదు మ్మే," అని గుసగుసగా అంది. నన్ను ఆయన నోటితో ఎప్పుడూ మెచ్చుకోలేదు. నాకు అవసరం కూడా లేకపోయింది. హిందూపురం వచ్చేదాకా ఆయన్ను ఎవరూ లేపకుండా చూసుకున్నాను.

మరుసటి నెల నుంచి ఆయన నోటుబుక్కులో కొత్త గీత ఒకటి చేరింది: 'ఏ ఊరికైనా, ఆ రోజు పని ఉందా లేదా, పనిచేసేవాళ్లనే అడగాలి.' దాని పక్కన బ్రాకెట్లో నా పేరు రాశారు. మా తప్పులను కూడా ఆయన అలా పేరు పెట్టి దాచుకునేవారు. నెలకొక ట్రిప్పు అమావాస్యకే వేయడం కూడా అప్పుడే మొదలైంది. దానికి ఇప్పటికీ సీట్లు ముందే నిండిపోతాయి.

నాలుగు నెలల కిందట ఆయన పోయారు. పొద్దున కాఫీ తాగి, గుండెలో బరువుగా ఉందని కూర్చుని, అలాగే పోయారు. గోరంట్ల, కొత్తచెరువు నుంచి ఎవరెవరో వచ్చారు, మేము ఎరగని ప్రయాణికులు. తలుపుల మాస్టారు కర్ర పట్టుకుని వచ్చి సాయంత్రం దాకా కూర్చున్నారు. ఆఫీసు నాకు వచ్చింది, నోటుబుక్కు నాకు వచ్చింది. ట్రిప్పులు ఆపలేదు, ఆపితే ఆయనకు నచ్చదు. గురువారం నడక మాత్రం నేనొక్కదాన్నే నడిచాను. మోకాళ్లు బాగున్న మనిషి నడిచే నడక ఆ పనికి ఎందుకూ కొరగాదని తెలిసీ నడిచాను. లచ్చుమక్కను రమ్మనడానికి నాకు నోరు రాలేదు. పోయిన వారం ఆమే ఆఫీసుకు వచ్చింది. చేతిలో కర్ర, చంకలో నీళ్ల సీసా.

"ఏం మ్మే, నా మోకాళ్లు ఆయప్పతోనే పోయినాయనుకున్యావా?"

గురువారం ఇద్దరం పెనుకొండ వెళ్లాం. పాత గోడ దగ్గర కూర్చుంది, బోరింగు దగ్గర కూర్చుంది, ఇంకో రెండు కొత్త చోట్ల కూర్చుంది. పదకొండు నిమిషాల దారి పదహారు నిమిషాలైంది. నేను నోటుబుక్కులో పదకొండు కొట్టేసి పదహారు రాశాను. మీ ట్రిప్పులో అన్నీ ఆలస్యమని ఈ మధ్య ఒకరిద్దరు ఫిర్యాదు చేశారు. చేయనీ. ఈ ఎనిమిదేళ్లలో ఆ మాస్టారు తర్వాత మా బండి ఒక్క మనిషిని కూడా వెనక వదిలిపెట్టి రాలేదు. ఆ మాట నేను ఎవరి ముందైనా తలెత్తి చెబుతాను.

ఆదివారం పొద్దున లచ్చుమక్క అందరికంటే ముందే వచ్చి, తలుపు పక్క మొదటి సీట్లో కిటికీ వైపు కూర్చుంది. పక్క సీటు మీద తన చేతికర్ర అడ్డంగా పెట్టుకుంది. ఎవరు కూర్చోబోయినా కర్ర తీయలేదు. నేను వెనక నుంచి మొదలుపెట్టాను. జత వచ్చిందా. వచ్చింది. జత వచ్చిందా. వచ్చింది. ఒక్కొక్క వరసే దాటి మొదటి సీటు దగ్గరకొచ్చి ఆగాను. పేర్ల కాగితం మడిచి, విప్పి, మళ్లీ మడిచాను. డ్రైవరు అద్దంలోంచి చూస్తున్నాడు.

"అందర్నీ అడిగి నన్ను అడగవేం మ్మే," అంది లచ్చుమక్క.

"జత వచ్చిందా అక్కా?" అన్నాను.

ఆమె కిటికీ వైపు చూసింది, ఖాళీ సీటు వైపు చూసింది. కర్ర తీసి కాళ్ల మధ్య పెట్టుకుంది. సీటు మీద అరచేత్తో తట్టింది. నేను కూర్చున్నాను.

"వచ్చింది," అంది. "కొట్టు."

కూర్చున్న చోటి నుంచే తలుపులోంచి చెయ్యి చాచి, రేకు మీద రెండు దెబ్బలు కొట్టాను. బండి కదిలింది.